పాత అద్దం తీసేటప్పుడు దగ్గరుండండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల అద్దాలు మార్చే పని చేస్తా, పాతికేళ్ళు దాటింది, నాకు చేతనైన పని ఇదొక్కటే. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, మా అమ్మాయి ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ పెట్టిచ్చింది, తప్పులుంటే మీరే సర్దుకోండి. మీ పేపర్‌లో కార్ల పేజీ వచ్చిద్ది కదా, మైలేజీ గురించి, టైర్ల గురించి, ఇంజన్ ఆయిల్ గురించి రాస్తారు, ముందు అద్దం గురించి రాయగా నేను చూళ్ళేదు, ఎప్పుడన్నా రాసినా ఏ కంపెనీ అద్దం మంచిది, ఎంత రేటు, అంతే. అది కొత్త అద్దం సంగతి, నేను చెప్పొచ్చేది పాత అద్దం తీసే సంగతి.

షాపుకొచ్చిన కస్టమర్ ఏం చేస్తాడంటే కొత్త అద్దం మూల మీద ముద్ర చూస్తాడు, ఐఎస్ఐ గుర్తుందా, కంపెనీ పేరుందా అని ఫోటో కూడా తీసుకుంటాడు, చూడాల్సిందే, కాదనను. చూసి టీ కొట్టు కాడికి పోతాడు. తిరిగొచ్చేసరికి పాత అద్దం గోడకి ఆనించి ఉంటది, కుర్రాడు ఫ్రేము చుట్టూ సీలెంట్, అంటే అద్దాన్ని అతికించే గమ్ము కొడుతుంటాడు. మధ్యలో ఏం జరిగిందో ఆయనకి తెలియదు, మేం చెప్పం. కారు పాడయితే ఆ టీ తాగే ముప్పావుగంటలోనే పాడయిద్ది అండి.

నేను పనిలో చేరినప్పుడు అంబాసిడర్లు, పద్మినీలు, పాత లారీలు ఎక్కువ. వాటికి గమ్ము గొడవ లేదు, అద్దం చుట్టూ లావుపాటి రబ్బరు బీడింగు, ఆ రబ్బరు అంచు కారు బాడీ రేకుని కరుచుకుని ఉండేది. లోపల కూర్చుని స్క్రూడ్రైవర్‌తో అంచుని కొంచెం కొంచెం రేకు మీంచి లేపుకుంటూ అరచేతుల్తో నెడితే బీడింగుతో సహా అద్దం బయటికొచ్చేది, బయట ఒకడు పట్టుకునేవాడు. పెట్టేటప్పుడు ఇంకా సరదా, బీడింగు గాడిలో చుట్టూతా నైలాన్ తాడు పెట్టి, సబ్బు నీళ్ళు రాసి, అద్దాన్ని బయట నుంచి ఆనించి, లోపల్నుంచి తాడు లాక్కుంటూ పోతే రబ్బరు అంచు టపటపా రేకు మీదకి ఎక్కేసేది. చిన్నపిల్లలు గారడీ చూసినట్టు చూసేవాళ్ళు. కారు అప్పటికప్పుడే రోడ్డెక్కొచ్చు, ఏం ఆరక్కర్లేదు.

ఇప్పటి కార్లకి ఆ కథ లేదు. అద్దం నేరుగా రేకుకే పాలీయూరిథేన్, మేం పీయూ అంటాం, ఆ సీలెంట్‌తో అతుక్కుని ఉంటది, ఆరాక టైరు రబ్బరులాగా ఉంటది, గోరు పెడితే దిగిద్ది గాని ఊడి మాత్రం రాదు. అద్దం చుట్టూ నల్ల పట్టీ, చివర్న చుక్కలు చుక్కలుగా ఉంటది చూడండి, జనం అది డిజైన్ అనుకుంటారు, అది అద్దంతో పాటే కాల్చిన పూత, దాని వెనకాలే సీలెంట్ ఉంటది, ఎండ పడితే సీలెంట్ చచ్చిపోయిద్ది కాబట్టి ఆ నలుపు దానికి గొడుగన్నమాట. అద్దం కూడా మారింది, పాత అద్దాలు పగిల్తే పటికబెల్లం పలుకుల్లా ఒళ్ళో రాలేవి, ఇప్పుడు ముందు అద్దం లామినేటెడ్, రెండు గాజు పలకలు, మధ్యలో ముప్పాతిక మిల్లీమీటరు ప్లాస్టిక్ పొర, పగిలినా పొరని పట్టుకుని ఉంటది. మోటారు వాహనాల రూల్సులో కూడా ముందు అద్దం అలాగే ఉండాలని ఉంది.

ఇంత గట్టిగా ఎందుకు అతికించారంటే ఆ అద్దం ఇప్పుడు బాడీలో భాగం. కారు పల్టీ కొడితే టాపు అణగకుండా అదీ ఒక చెయ్యి వేసిద్ది. ముఖ్యంగా పక్క సీటు ఎయిర్‌బ్యాగ్, అది డాష్‌బోర్డ్ మీంచి పైకి లేచి అద్దానికి తగిలి అక్కణ్ణుంచి మనిషి వైపు తిరిగిద్ది, ఇదంతా రెప్ప వేసే లోపే, అద్దం సరిగ్గా అతుక్కోకపోతే ఆ దెబ్బకి అద్దమే బయటికి పోయిద్ది, ఇక బ్యాగ్ దేనికి ఆనుకుంటది? 2019 జులై నుంచి డ్రైవర్ బ్యాగ్, 2021 నుంచి పక్క సీటు బ్యాగ్ కూడా తప్పనిసరి చేశారు, అంటే ఇప్పుడు మా చేతుల్లోకొచ్చే కొత్త కార్లన్నిటికీ ఈ సంగతి వర్తించిద్ది. మా వాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో దేవుడికెరుక.

సరే అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది కదా, తర్వాత నెలా రెండు నెలలు ఆటోనగర్‌లో ఎక్కడ చూసినా మునిగిన బండ్లే, సీట్లు ఊడదీసి ఎండబెట్టడం, కార్పెట్లు పీకడం, ఆ బురద కంపు. ఆ టైమ్‌లోనే ఒక మాస్టారు తన చిన్న కారు తెచ్చారు, ఎడమ పక్క కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసి ముద్దయ్యింది, వరద నీళ్ళేమో అంటారు, కానీ వాళ్ళ వీధిలోకి చుక్క నీరు రాలేదు. ఇది వరద కాదు మాస్టారూ, పైనుంచి కారుతుందని చెప్పి పైపుతో మా కుర్రాడి చేత అద్దం మీద నీళ్ళు పోయించి నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నా. ఎడమ పై మూల నుంచి సన్నగా ధార, అద్దం పక్క స్తంభం, పిల్లర్ అంటాం, దాని ప్లాస్టిక్ వెనక నుంచి దిగి డాష్‌బోర్డ్ పక్కన పోతుంది.

అద్దం కోసి తీశాం. ఎడమ పై మూల, జానెడు మేర సీలెంట్ కింద రేకు లేదు. ఉంది గాని అప్పడంలా ఉంది, వేలితో నొక్కితే పెళపెళమని ఎర్రటి పొట్టు రాలింది, సీలెంట్ ఆ తుప్పు పొట్టుకి అతుక్కుని రేకు నుంచి విడిపోయింది. దాని మధ్యలో ఒక గీత, లోతుగా, ఒకే వైపుకి వంకరగా. ఆ గీత నాదే అండి. అదే కారు 2019 సంక్రాంతికి ముందు సొట్టలు తీసే టింకరింగ్‌కి వస్తే అద్దం దించింది నేనే. పండగ ముందు రోజు, మాస్టారు ఊరెళ్ళాలని తొందర పెడుతున్నారు, చాకు జారి రేకు మీద గీసుకుంది, పెయింట్ లేచి తెల్లగా ఇనుము కనపడింది. ప్రైమర్, అంటే తుప్పు పట్టకుండా ముందు రాసే పూత, అది రాసి ఆరనివ్వాలంటే ఇంకో అరగంట పట్టిద్ది. సీలెంట్ నల్లగానే ఉంటది కదా, కప్పేసిద్దిలే అని దాని మీదే కొట్టేశా. కప్పేసింది, అయిదున్నరేళ్ళు కప్పింది.

మాస్టారికి చెప్పా. ఆయన ఏమీ అన్లేదు, అదే ఇబ్బందిగా అనిపించింది. రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించి, పెయింట్ వేయించి, అద్దం పెట్టి పంపా, డబ్బులు తీసుకోలేదు. ఇది నేను గొప్పకి చెప్పట్లేదు, ఆ గీత లాంటివి నేను ఇంకెన్ని గీసుంటానో లెక్క లేదు, మా లైన్లో అందరూ గీసే ఉంటారు, అందుకే మీకు రాస్తున్నా.

ఇప్పుడు చేత్తో అద్దం సరిగ్గా ఎలా తీస్తారో చెప్తా, దగ్గర నిలబడితే మీరేం చూడాలో తెలియాలి కదా. ముందు వైపర్ల చేతులు తీస్తారు, తీసే ముందు అవి అద్దం మీద ఎక్కడ ఆగాయో టేపు ముక్క అంటించాలి, లేకపోతే తర్వాత వైపర్ బానెట్‌ని తన్నిద్ది. తర్వాత వైపర్ల కింద ప్లాస్టిక్ గ్రిల్, దాని క్లిప్పులు ఎండకి పెళుసైపోయి ఉంటాయి, లాగితే విరుగుతాయి, అడ్డంగా నొక్కి తీయాలి. లోపల అద్దం మధ్యలో మిర్రర్, దాని వైర్లు, కొత్త కార్లయితే వాన సెన్సారు, కెమెరా. కెమెరా ఉన్న కారు మా లాంటి షాపుల్లో చేయించుకోవద్దండి, అద్దం మార్చాక దాని చూపు మళ్ళీ సెట్ చేయాలి, ఆ మిషన్ మా దగ్గర లేదు, ఉందని ఎవరన్నా చెప్తే చూపించమనండి. పిల్లర్ ప్లాస్టిక్ తీసేటప్పుడు కూడా, పక్క కిటికీల మీదకి దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో దాని వెనకే బ్యాగ్ మడత పెట్టి ఉంటది, స్క్రూడ్రైవర్ పొడిచి తీసే చోటు కాదది.

డాష్‌బోర్డ్ మీద పాత దుప్పటి, ఏసీ గాలి వచ్చే సందులకి టేపు. పగిలిన అద్దమయితే ఇది మరీ ముఖ్యం, సందుల్లో గాజు పొడి పడితే ఆర్నెల్ల తర్వాత కూడా బ్లోవర్ ఫుల్లు పెట్టినప్పుడు కళ్ళల్లోకి కొట్టిద్ది. అద్దం చుట్టూ పెయింట్ మీద మాస్కింగ్ టేపు రెండు మూడు వరసలు, ఇవన్నీ చేయకుండా చాకు పట్టుకున్నాడంటే మీరు అక్కడే ఆపండి.

కోయడానికి చేతి సామాను రెండు రకాలు. ఒకటి లాగే చాకు, ఎల్ ఆకారంలో బ్లేడు, దానికి తాడో గొలుసో కట్టి చివర చెక్క పిడి ఉంటది, ఒక చెయ్యి చాకుని అద్దం అంచు కింద అదిమి పట్టుకుంటది, రెండో చెయ్యి పిడి పట్టుకుని లాగిద్ది. బ్లేడు ఎప్పుడూ అద్దం అడుగుని రాసుకుంటూ పోవాలి, పిసరంత కిందకి వాలితే రేకుని గీసిద్ది, పైకి మెలిపడితే అద్దం టిక్ మంటది. అంచు దగ్గర పుట్టిన పగులు ఆగదు, మీ కళ్ళ ముందే పాకుద్ది. బ్లేడు పొడవు కూడా కారుని బట్టి, సీలెంట్ వెడల్పుకి మించి పొడుగు బ్లేడు పెడితే లోపల ప్లాస్టిక్ కూడా తెగిద్ది. మా మేస్త్రీ గారు గంటకోసారి చాకుని రాయి మీద పదును పెట్టించేవారు, మొండి చాకుకి బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువ పెడితే జారిద్ది, నాకు ఆ రోజు చాకు జారింది అందుకే, అద్దం తీయడానికి కూర్చునే ముందు రాయి ముట్టుకోలేదు.

రెండోది తీగ. పగలని అద్దాన్ని మళ్ళీ వాడాలంటే, టింకరింగ్ కోసమో, తుప్పు బాగు కోసమో దించాలంటే నాకు తీగే ఇష్టం. లోపల్నుంచి కింద మూల దగ్గర సూదిలాంటి దబ్బనంతో సీలెంట్‌కి బొక్క పెట్టి తీగ దూర్చి, బయట ఒక కొస, లోపల ఒక కొస, రెండిటికీ పిడులు. లోపల మనిషి కొసని గట్టిగా పట్టుకుని నిలుపుతాడు, బయట మనిషి లాగుతాడు, తర్వాత లోపలోడు, రంపంలాగే గాని రంపమంత జోరు కాదు. జోరుగా లాగితే తీగ వేడెక్కిద్ది, సీలెంట్ జిగురు జిగురుగా సాగి కోసిన చోటే మళ్ళీ అంటుకుంటది, తీగ టప్పున తెగిద్ది. స్ప్రే డబ్బాతో ఉత్త నీళ్ళు కొడుతూ పోవాలి. తీగ కోణం అద్దం వైపుకి ఉండాలి, అప్పుడు పాత సీలెంట్ ఎక్కువ భాగం రేకు మీదే మిగిలిద్ది, పెయింట్ జోలికి తీగ పోదు. చేతికి తోలు గ్లౌజులు, కళ్ళకి అద్దాలు, తెగిన తీగ కొస మొహం మీదకే వచ్చిద్ది, నా ఎడమ కనుబొమ్మ మీద దాని గుర్తు ఉంది. ఒకప్పుడు బైక్ క్లచ్ కేబుల్ తీగ పాయలు విప్పి వాడేవాళ్ళం, నాలుగు లాగుళ్ళకి పీచు పీచయ్యేది. ఇప్పుడు ఈ పనికే అల్లిన తీగ చుట్టలు దొరుకుతున్నాయి, ఇంకా క్లచ్ తీగ వాడేవాళ్ళుంటే అది పిసినారితనం అంతే.

కష్టం ఎక్కడంటే కింది అంచు. డాష్‌బోర్డ్ అడ్డం, చెయ్యి పట్టదు, తీగ డాష్‌బోర్డ్‌ని కోసేసిద్ది, అందుకని మధ్యలో పల్చటి రేకు పట్టీ పెట్టాలి. మూలల్లో సీలెంట్ వెడల్పుగా ఉంటది, కొన్ని అద్దాలకి పైన ప్లాస్టిక్ పిన్నులుంటాయి, తీగ అక్కడ తట్టుకుంటది, తట్టుకున్నప్పుడు గుంజకూడదు, వెనక్కి తీసి పిన్నుని చాకుతో విడిగా కోసుకోవాలి. ఓపిక లేనోడు ఇక్కడే అద్దాన్ని లోపల్నుంచి కాలితో తంతాడు, పగిలిన అద్దమే కదా అంటాడు, అద్దం పగిలిందే గాని ఫ్రేము పగల్లేదు కదా, తన్నుడికి సీలెంట్ పెయింట్‌ని ఊడబీక్కుని వచ్చిద్ది. ఎర్రటి ఎండలో పెట్టిన కారు మీద చన్నీళ్ళు కొట్టి మొదలెట్టినా బాగున్న అద్దానికి ముప్పే, నీడలో కాసేపు ఉంచాలి. చివర్న ఇద్దరు సక్షన్ కప్పులు పెట్టి ఎత్తాలి, ఒక్కడు కాదు, పది పదిహేను కిలోల బరువుంటది, పైగా జారుడు.

ఇప్పుడు టీ కొట్టు నుంచి మీరు వెనక్కి రావాల్సిన టైమ్. అద్దం పక్కన పెట్టాక, కొత్త సీలెంట్ కొట్టక ముందు, ఉత్త ఫ్రేము చూపించమనండి. పాత సీలెంట్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంచి పైపైన సమంగా కోసి ఉంటే ఆ మేస్త్రీకి పని తెలుసు, కొత్త పీయూకి అంతకంటే మంచి పునాది లేదు. మొత్తం రేకు దాకా గీకి శుభ్రంగా ఉందని చూపిస్తే అది శుభ్రం కాదు. ఎక్కడన్నా తెల్లగా ఇనుము కనపడితే ప్రైమర్ రాశారా అని అడగండి, రాస్తే ఆరిందాకా ఆగమనండి. ఎర్రగా కనపడితే ఆ రోజు అద్దం పెట్టొద్దు, తుప్పు గీకి పెయింట్ వేసి ఆరాకే. కోసిన సీలెంట్ మీద చెయ్యి వేయనివ్వకండి, మీరూ వేయకండి, సమోసా తిన్న చేతి నూనె చాలు అతుకు చెడడానికి.

తర్వాత వాసన. సీలెంట్ కొడుతున్నప్పుడు వెనిగర్ వాసన వస్తే అది బాత్రూం సిలికాన్, చేపల తొట్టెకి పనికొచ్చిద్ది, కారుకి కాదు, ఆ పులుపు రేకుని తినేసిద్ది, పైగా రేపు ఎవరన్నా సరిగ్గా చేద్దామన్నా సిలికాన్ మరక మీద పీయూ పట్టదు, అంతా గీకి పారేయాల్సిందే. ఎందుకు వాడతారంటే చౌక. ఇన్సూరెన్స్‌లో అద్దానికి తరుగు కోయరు, అద్దం డబ్బులు వచ్చేస్తాయి, 1500 సీసీ లోపు కారయితే మీ జేబులోంచి 1000 పోయిద్ది, కానీ సీలెంట్, ప్రైమర్ లాంటివి కన్జ్యూమబుల్స్, అంటే వాడితే అయిపోయే సామాను కింద పోతాయి, వాటికి అదనంగా డబ్బు కట్టి తీసుకునే యాడ్-ఆన్ లేకపోతే చాలా పాలసీల్లో వాటి డబ్బు కస్టమరే కట్టుకోవాలి, ఇక బేరం మొదలు. కంపెనీ అద్దం పెట్టించుకుని దాన్ని నిలబెట్టే గమ్ము దగ్గర బేరం ఆడతారు, షాపోడు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గిస్తాడు.

పీయూ గాలిలో తేమ తాగి ఆరిద్ది, రోజుకి మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు, మా విజయవాడ ఉక్కపోతలో తొందరగా, అనంతపురం లాంటి పొడి ఊళ్ళో ఆలస్యంగా. త్వరగా ఆరే రకాలు గంటలో బండి తీయొచ్చని ట్యూబు మీదే రాసి ఉంటది, మామూలువి చాలా గంటలు. ఎంతసేపో ట్యూబు చూసి చెప్పాలి, నోటి లెక్క కాదు. ఇంటికెళ్ళాక ఒకరోజు అద్దాలు కొంచెం దించి ఉంచండి, అన్నీ మూసి డోర్ దబ్బున వేస్తే లోపల గాలి పచ్చి సీలెంట్‌ని బయటికి నెట్టిద్ది. అంటించిన టేపులు పీకొద్దు, వాషింగ్ వద్దు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది ఒకటే. అద్దం మార్చిన బిల్లు మీద అద్దం కంపెనీ పేరు, రేటు తప్ప ఏమీ ఉండదు. సీలెంట్ పేరు, దాని ఎక్స్‌పైరీ తేదీ, ఫ్రేము మీద గీతలు గాని తుప్పు గాని ఉంటే ఆ మాట, ప్రైమర్ రాశారా లేదా, బండి ఎన్ని గంటలకి తీయొచ్చు, ఈ అయిదు ముక్కలు బిల్లు మీద రాయాలని ఇన్సూరెన్స్ వాళ్ళు పట్టుబడితే చాలు, సర్వేయర్ పగిలిన అద్దం ఫోటో ఎలాగూ అడుగుతాడు, అద్దం తీశాక ఉత్త ఫ్రేము ఫోటో కూడా ఒకటి అడగమనండి. ఆ ఒక్క ఫోటో అడిగుంటే 2019లో నేను ఆ మూల మీద అలా సీలెంట్ కొట్టేవాణ్ణి కాదు, కొట్టే ధైర్యం ఉండేది కాదు. మా లైన్లో వాళ్ళకి ఈ ఉత్తరం నచ్చదు, నచ్చకపోతే షాపుకి రండి మాట్లాడుకుందాం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఖాళీయే.

అన్నట్టు ఇంకా అంబాసిడర్ దాచుకున్నాళ్ళు ఎవరన్నా ఉంటే ఇదంతా మీకు కాదండి, మీ బీడింగు ఎండిపోయి పగుళ్ళొచ్చిందేమో ఒకసారి నొక్కి చూసుకోండి, మెత్తగా ఉంటే సబ్బు నీళ్ళూ నైలాన్ తాడూ నా దగ్గర ఇంకా ఉన్నాయి.

ఇట్లు,
ఒక అద్దాల మేస్త్రీ,
ఆటోనగర్, విజయవాడ